మానిన గాయం రంగు

నేను గాయాలు వేస్తాను. వినడానికి కొంచెం భయంగా ఉంటుంది గానీ, ఫిల్మ్ నగర్‌లో ఇదీ ఒక ఉద్యోగమే. హీరో కనుబొమ మీద చీలిక, విలన్ చెంప మీద కత్తిగాటు, యాక్సిడెంటు సీన్లో రోడ్డు మీద పడి ఉన్నవాడి నుదుటి మీద రక్తం, ఇవన్నీ నా చేతి పనులు. మేకప్ వేసేవాళ్లంతా మొహాలు అందంగా తయారుచేస్తుంటే నేను పాడుచేస్తాను. ఇరవై నాలుగేళ్లుగా అదే తిండి పెడుతోంది.

ఈ పనిలో రక్తం ఎవడైనా పోస్తాడు. అసలు పరీక్ష కంటిన్యుటీ. సోమవారం ఎడమ కనుబొమ మీద వేసిన గాయాన్ని, పది రోజుల తర్వాత అదే సీనులో మిగిలిన ముక్క తీసేటప్పుడు, అదే చోట, అంతే పొడవున, అదే రంగులో మళ్లీ వేయాలి. లేకపోతే తెర మీద గాయం ఊరేగుతుంది. అందుకే నా ఫోన్ నిండా గాయాల ఫొటోలే. ఇంట్లోవాళ్ల ఫొటోలు వెతుక్కోవాలి. నాకు తెలిసిన ఒకాయన ఓసారి ఎడమ గాయాన్ని కుడికి మార్చేశాడు. సినిమా హాళ్లలో ఆడుతున్నప్పుడు గానీ ఎవరూ చూసుకోలేదు. ఆయన కృష్ణానగర్‌లో టీ కొట్టు దగ్గర కనబడినప్పుడల్లా "అన్నా, ఏ వైపు కూర్చోమంటావు?" అని ఏడిపించేవాణ్ణి. నా గాయం ఒక్కటి కూడా చోటు తప్పలేదని నాకు మహా గర్వం. ఇలాంటి మాటలు పైన ఎవరో వింటూ ఉంటారని అప్పట్లో తోచలేదు.

మా ఇల్లు యూసుఫ్‌గూడలో, మూడో అంతస్తులో. నేను కోస్తావాణ్ణి, నా భార్య ఇక్కడే పుట్టి పెరిగింది. మా పెళ్లికి సాక్షి ఫిల్మ్ నగర్‌లోని మా చిన్న క్రైస్తవ సంఘమే. కాస్ట్యూములు కుట్టే టైలరు కొట్టు పైన, రెండో అంతస్తులో ఓ పొడుగాటి హాలు. అదే మా గుడి. వచ్చేవాళ్లలో సగం మంది సినిమా వాళ్లే. సినిమా వాళ్లంటే పోస్టర్ల మీద ఉండేవాళ్లు కాదు, వాళ్లకు లైట్లు పట్టేవాళ్లు, బట్టలు ఇస్త్రీ చేసేవాళ్లు, వ్యాన్లు నడిపేవాళ్లు. నా భార్య అక్కడ పదిహేనేళ్లు సండే స్కూలు చెప్పింది. ఆమెకు ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది. పిల్లలు దానిలో వేలు పెట్టి చూసేవాళ్లు. ఆమె కూడా పెట్టించుకునేది.

రెండేళ్ల కిందట వానాకాలంలో జరిగింది. గాయాలు చేయడానికి జిలటిన్ వాడతాం. జిలటిన్, గ్లిజరిన్ కలిపి వేడి చేస్తే పాకంలా అవుతుంది. అచ్చులో పోస్తే చర్మంలా గట్టిపడుతుంది. గిన్నెలో నీళ్లు పోసి, అందులో ఇంకో గిన్నె పెట్టి, సన్నటి సెగ మీద కరిగించాలి. ఆ పని నేను ఇంట్లో గ్యాస్ పొయ్యి మీదే చేసేవాణ్ణి. వద్దని ఆమె చాలాసార్లు చెప్పింది. ఆ రోజు పొయ్యి మీద గిన్నె ఉండగా ప్రొడక్షన్ మేనేజరు ఫోన్ చేశాడు. సిగ్నల్ కోసం బాల్కనీలోకి వెళ్లాను. నీళ్లు కుతకుత మరుగుతున్న చప్పుడు అక్కడికి వినిపించింది. "ఒకసారి ఆ లోపలి గిన్నె దించు" అని ఆమెకు అక్కణ్నుంచే కేకేశాను. గిన్నె అంచుకు గ్లిజరిన్ అంటుకుని జారుతోందని చెప్పలేదు. పట్టకారు జారింది. లోపలి గిన్నె మరిగే నీళ్లలో పడి, పాకం ఆమె మీదికి ఎగిరింది.

వేడినీళ్లయితే ఒంటి మీద పడి జారిపోతాయి. ఇది జారదు, అంటుకుంటుంది. అంటుకోవాలనే కదా నేను తయారుచేసేది. ఎడమ చెంప, మెడ, ఎడమ ముంజేయి. పక్కింటావిడ వచ్చి నల్లా కింద ఆమె మొహం పెట్టించింది. నేను ఫోన్ ఇంకా చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డానట. అవతల మేనేజరు "రేపు ఆరింటికి బ్లడ్ ఎక్కువ తేవాలి" అంటూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో నేను చేసిన ఒక పాపం ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. కట్టు మార్చేటప్పుడు అందరూ మొహం తిప్పుకుంటే నేను చూసేవాణ్ణి. భర్తగా కాదు, మేకప్‌మేన్‌గా. ఎనిమిదో రోజున అంచులు ఏ రంగుకు తిరిగాయో చూసి, ఇన్నేళ్లూ కాలిన గాయాన్ని తప్పు రంగులో వేశాను కదా అనుకున్నాను. అనుకున్న మరుక్షణం నా మీద నాకే రోత పుట్టింది. వరండాలోకి వెళ్లి గోడకు తల ఆనించి ఏడ్చాను. ఆ తర్వాత ఇక ఆ గాయం వైపు చూడడం మానేశాను. మందు రాయాల్సి వచ్చినా కళ్లు దాని మీద నిలిచేవి కావు. అన్నానికి కూర్చున్నా ఆమెకు కుడి వైపే కూర్చునేవాణ్ణి.

పలకరింపులకు వచ్చినవాళ్లు పళ్లూ బ్రెడ్డూ తెచ్చారు, వాటితో పాటు వివరణలు కూడా తెచ్చారు. దేవుడు పరీక్షిస్తున్నాడని ఒకరు. మీ ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉందేమో చూసుకోండని ఇంకొకరు. సినిమా రక్తంతో ఆడుకుంటే ఇలాగే అవుతుందని ఒక పెద్దాయన. ఆయన రెండో కొడుకు సినిమాల్లో ఫైటరు, ఆ సంగతి గుర్తు చేద్దామనుకుని నాలుక కరుచుకున్నాను. నా భార్య మంచం మీద నుంచి సగం మొహంతోనే అందరికీ వందనాలు చెప్పేది. వాళ్లు వెళ్లాక "పళ్లు లోపట వెట్టు, మాటలు బయట వెట్టు" అనేది. ఒక్క పాస్టరు అయ్యగారే ఏ వివరణా ఇవ్వలేదు. పక్కన కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నారు. "ఎందుకు జరిగిందో నాకు తెలియదమ్మా" అన్నారు. ప్రార్థన చేసి వెళ్లారు. ఆ రోజు ఆయన మీద నాకు కోపం వచ్చింది. తెలియకపోతే పాస్టరు ఎందుకయ్యాడు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, వచ్చినవాళ్లందరిలోకీ నిజం చెప్పింది ఆయనొక్కరే.

ఆమె కోలుకోవడానికి ఎనిమిది తొమ్మిది నెలలు పట్టింది. చెంప మీద అరచేతి వెడల్పున మచ్చ మిగిలింది. డాక్టరు సరేనన్నాక మళ్లీ గుడికి బయల్దేరిన మొదటి ఆదివారం నేను నా మేకప్ డబ్బా తెరిచాను. ఎర్రదనం పోయేలా అడుగున ఒక పూత, దాని మీద ఆమె ఒంటి రంగు, గుంటలు పడ్డ చోట మెత్తటి మైనం, పైన పౌడరు. నలభై నిమిషాలు పట్టింది. లేచేసరికి మచ్చ లేదు. అద్దంలో చూసుకుని ఆమె ఏమీ అనలేదు. అది సంతోషమే అనుకున్నాను. అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే పని. పని చేస్తున్నంతసేపూ నా చూపు పూత మీద ఉండేది, కింద ఉన్నదాని మీద కాదు. మొదటి పూత కళ్లు సగం మూసుకునే వేసేవాణ్ణి. చేతికి అలవాటే.

పైకి అంతా బాగైనట్టే. కానీ ఆమె సండే స్కూలు మానేసింది. పిల్లల దగ్గరికి వెళ్లకుండా ఆఖరి వరసలో, చెంగు తల మీదుగా చెంప దాకా లాక్కుని కూర్చునేది. పిల్లలు పరిగెత్తుకు వస్తే కుడి చెంపే ఇచ్చేది. అన్నిటికన్నా ముఖ్యంగా, నవ్వడం మానేసింది. ఇంట్లో నవ్వేదేమో, నేను చూస్తే కదా. మచ్చ చూసి జనం ఏమనుకుంటారోనని సిగ్గుపడుతోంది అనుకున్నాను. ఆమె మళ్లీ తన మొహంతో ఆ పిల్లల ముందు నిలబడాలి. నాకు కావాల్సింది అదొక్కటే. దేవుణ్ణి అడుగుదామంటే నోరు వచ్చేది కాదు. కాల్చినవాణ్ణి నేను, ఏ మొహం పెట్టుకుని అడగను? సాక్ష్యాల సమయంలో ఒక్కొక్కరూ లేచి దేవుడు తమకు చేసిన మేలు చెబుతుంటే నేను నేల మీద గచ్చు డిజైను చూస్తూ కూర్చునేవాణ్ణి.

అలా పదకొండు నెలలు గడిచాక ఈస్టర్ వచ్చింది.

మా సంఘంలో యేసును సిలువ వేసిన శ్రమల శుక్రవారం, ఆయన తిరిగి లేచిన ఈస్టర్ తెల్లవారుజామున, రెండు రోజులూ నాటకం వేస్తాం. మిగతా సంఘాల్లో కుర్రాళ్లు దుప్పట్లు కప్పుకుని వేస్తారేమో. మా దగ్గర ఊరుకోరు. లైట్‌మేన్లు లైట్లు తెస్తారు. కింద టైలరు రోమా సైనికుల బట్టలు తెస్తాడు, ఏ పౌరాణికం కోసం కుట్టినవో గానీ. అందరూ దర్శకులే, ప్రతి ఒక్కరూ ఒక సలహా ఇస్తారు. ఆ ఏడు ప్రభువు పాత్ర ఒక స్టూడియో వ్యాన్ డ్రైవరుకి ఇచ్చారు. గడ్డం సొంతది, మనిషి నెమ్మదస్తుడు. గాయాలు ఎలాగూ నావే.

శుక్రవారం నేను మనసు పెట్టి పనిచేశాను. మనసు అంటే భక్తి కాదు, పట్టుదల. ముళ్ల గీతలు, కొరడా వాతలు, అరచేతుల్లో మేకుల గాయాలు, పక్కలో ఈటె పోటు. సినిమాలో దర్శకులు ఎప్పుడూ ఇంకా రక్తం, ఇంకా రక్తం అంటారు. నేను తగ్గించి వేశాను. తగ్గిస్తేనే నమ్ముతారు. హాలంతా వెక్కి వెక్కి ఏడ్చింది. అయ్యగారి భార్య, అమ్మగారు అంటాం, నా చేతులు పట్టుకుని "బ్రదర్, కళ్లకు కట్టారు" అన్నారు. అలవాటు కొద్దీ గాయాలన్నిటికీ ఫొటోలు తీసుకున్నాను.

ఆదివారం సూర్యోదయ ఆరాధన డాబా మీద. అక్కణ్నుంచి జూబ్లీహిల్స్ బండరాళ్లు, వాటి మధ్య పెద్ద పెద్ద ఇళ్లు కనిపిస్తాయి. తెల్లవారుజామున నాలుగున్నరకు టైలరు కొట్టులో డ్రైవరుని కూర్చోబెట్టుకున్నాను. నాకు చెప్పిన సీను ఒక్కటే: సమాధి రాయి దొర్లుతుంది, ప్రభువు తెల్లబట్టల్లో నిలబడతాడు, అందరూ పాట అందుకుంటారు. తిరిగి లేవడమంటే నా బుర్రకు తట్టింది ఒకటే, మెరుపు. శుక్రవారం నాటి మరక ఒక్కటి మిగలకుండా శుభ్రంగా తుడిచాను. మొహానికి నిగారింపు పూశాను, చేతులకు కూడా. పెళ్లికొడుకులా తయారయ్యాడు. "అన్నా, ఇంత తెల్లగ నేనెన్నడు లేను" అని అద్దంలో చూసుకుని మురిసిపోయాడు.

డాబా మీద అంతా సక్రమంగా జరిగింది. థర్మోకోల్ రాయి దొర్లింది. బండల వెనక తూర్పున సరిగ్గా ఎర్రబడింది, లైట్‌మేన్లు కూడా ఏర్పాటు చేయలేనంత బాగా. ప్రభువు నిలబడ్డాడు. పాట అయిపోయింది. కిందికి పోదామని నేను లేస్తున్నాను, ఇంతలో శిష్యుల వేషాల్లో ఉన్నవాళ్లు మళ్లీ ముందుకొచ్చారు. నిన్న సాయంత్రం అమ్మగారు ఇంకో సీను కలిపారట. నాకు చెప్పడం మరిచిపోయారు. నమ్మని శిష్యుడి సీను. ప్రభువు లేచాడంటే, చేతుల్లో మేకుల గుర్తులు చూస్తే తప్ప నమ్మనన్నాడే, ఆయన.

శిష్యుడు మోకాళ్లూనాడు. "నీ వేలు ఇక్కడ పెట్టి చూడు" అంటూ డ్రైవరు రెండు చేతులూ చాపాడు. చేతుల్లో ఏముంది? నేను పూసిన మెరుపు ఉంది. గీత కూడా లేదు. శిష్యుడు వేలు ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లో ఆపాడు. డ్రైవరు తన అరచేతుల్లోకి తనే చూసుకున్నాడు. ముందు వరసలో పిల్లలు ఒకరినొకరు పొడుచుకున్నారు. ఓ చిన్న పిల్ల మాత్రం గట్టిగానే అడిగింది, "మేకులు కొట్టినవి ఏవి?" అని. డాబా అంతా కిసకిసలు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై నాలుగేళ్ల గర్వం ఒక్క నిమిషంలో నేల కరిచింది. అది కూడా ఏ సినిమాలో? గాయం ఎక్కడుండాలో చంటిపిల్లలకు కూడా తెలిసిన కథలో.

అయ్యగారు లేచి ప్రార్థనతో ముగించి గండం గట్టెక్కించారు. నా దగ్గరికొచ్చి, "ఏం కాదు బ్రదర్, పదింటి ఆరాధనకు సంఘమంతా వస్తుంది, అప్పుడు మళ్లీ వేస్తాం. ఈలోగా గుర్తులు పెట్టేయండి" అన్నారు. వెళ్లబోతూ ఆగి, నవ్వుతూనే, "మరణాన్నే తీసేసినాయనకు ఆ నాలుగు మచ్చలు తీసేసుకోవడం కష్టమా చెప్పండి? ఉంచుకున్నారు" అన్నారు. ఆయన సరదాగా అన్న మాటే. నేను మాత్రం మెట్లు దిగుతూ ఆ మాటే మళ్లీ మళ్లీ అనుకున్నాను.

ఆ సంగతి నాకు తెలియనిది కాదు. చిన్నప్పట్నుంచి విన్నదే. కానీ విన్నదానికీ, చేత్తో చేయాల్సి వచ్చినదానికీ తేడా ఉంది. కొట్టులో కూర్చుని డబ్బా తెరిచాను. ఫోన్‌లో శుక్రవారం ఫొటోలు తీశాను. అవి పనికిరావు. అవి పచ్చి గాయాలు, రక్తం కారుతున్నవి. లేచినాయన చేతుల్లో ఉండాల్సింది ఇక నొప్పి పెట్టని గాయం. మానినది, అయినా పోనిది. దాని రంగేమిటి? నాకు తెలియలేదు. సినిమాలో మానిన గాయం ఎవడికి కావాలి? మచ్చ కావాలంటే విలన్‌కు ఒకటి అడుగుతారు, అది చూస్తే భయం వేసేలా ఉండాలంటారు. ప్రభువు చేతికి విలన్ మచ్చ వేస్తానా? ముందు డ్రైవరు కుడి అరచేతిలో ఒకటి వేశాను. దోమ కుట్టినట్టు వచ్చింది. తుడిచాను. రెండోది వేశాను, కుంకుమ అంటుకున్నట్టు వచ్చింది. డ్రైవరు ఎడం చేత్తో ఇడ్లీ తింటూ ఓర్చుకుంటున్నాడు.

అప్పుడు నా భార్య కిందికి వచ్చింది. వాకిట్లో నిలబడి మా ఇద్దర్నీ చూసింది.

"ఆయన గాయాలు యాడ వోయినయ్?" అంది.

"తుడిచేశాను. పొరపాటైంది. మళ్లీ వేస్తుంటే రావడం లేదు."

"ఎందుకు తుడిసినవ్?"

"లేచాక బాగుంటుందని..."

ఆమె లోపలికొచ్చి స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. గొంతు పెంచలేదు. "నాయి గూడ గట్లనే తుడుస్తున్నవ్. ఏడాదాయె" అంది.

"నువ్వే కదా బయటికి రాలేక..."

"నేనడిగిన్నా?" అంది. "మొదటి ఆదివారం డబ్బ తెరిసింది ఎవరు? నేను చెప్పులేసుకుని తయారుగున్న. నువ్వు గీ డబ్బ పట్టుకొచ్చినవ్. నా దిక్కు చూడలేకపోతున్నవని తెలుస్తనే ఉండె. సరే, గీయనకు గిట్లయితే పానం నిమ్మళమైతదేమో అని ఊకున్న. గంతే."

డ్రైవరు ఇడ్లీ పొట్లం పట్టుకుని, స్టూలుతో సహా గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎక్కువ చోటున్న కొట్టు కాదు, పాపం, వినకుండా ఉండలేడు.

"మరి సండే స్కూలు ఎందుకు మానేశావు?" అన్నాను చివరికి.

"పిల్లలు నవ్విస్తరు. నవ్వితే గీ పూత పలుగుతది. పిల్లల ముంగట మొహం పెచ్చులు రాలుతుంటే ఏం బాగుంటది? గందుకే నవ్వుడే బంద్ చేసిన."

పదకొండు నెలలుగా ఆమె సిగ్గును కప్పుతున్నానని అనుకుంటున్నాను. నేను కప్పింది నా తప్పును. దాని బరువంతా ఆమె మొహం మీద మోసింది. నాకోసం. ఈ మాట అప్పుడు పైకి అనలేకపోయాను. కళ్లల్లో నీళ్లు తిరిగి రంగు డబ్బాలన్నీ కలిసిపోయాయి.

ఆమె నా డబ్బాలోంచి క్రీమూ దూదీ తీసుకుంది. ఆ ఉదయం మూడింటికి లేచి నేను వేసిన పూతను తనే తుడుచుకుంది. చెంప, తర్వాత మెడ. ముంజేయి కనిపించేలా జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. కిటికీ దగ్గరికి జరిగి, వెలుతురు పడేలా ఎడమ చెంప నా వైపు తిప్పింది.

"మానిన గాయం ఎట్లుంటదో తెల్వదంటివి గదా. చూడు. చూసి వెయ్యి" అంది.

చూశాను. పని కోసం చూడాలి కాబట్టి చూశాను. ఆ నెపం లేకపోతే ఇప్పటికీ చూసి ఉండేవాణ్ణి కాదు. మచ్చ ఎర్రగా ఉంటుందనుకున్నాను, ఎర్రగా లేదు. లేత గులాబీ, మధ్యలో తెలుపు, అంచున కొంచెం చామనఛాయ. చర్మం పలచగా, నునుపుగా, కిటికీ వెలుగు పడితే మెరుస్తోంది. నేను ఉదయం డ్రైవరుకి పూసిన మెరుపు కాదది. పచ్చిదనం ఎక్కడా లేదు. భయపెట్టేది కూడా ఏమీ లేదు. ఇన్ని నెలలు నేను దేనికి పారిపోయానో అని వెతికితే, అక్కడ అదేమీ కనబడలేదు.

డ్రైవరుని ఇటు తిప్పుకుని మొదలుపెట్టాను. ఆరితే చర్మాన్ని కొంచెం లోపలికి లాగే మందు ఒకటి ఉంటుంది, అది అరచేతిలో చుక్క పెట్టి ఆరనిచ్చాను. ఆమె చెంప చూడడం, ఆయన చేతిలో ఒక పూత వేయడం. మళ్లీ చూడడం, మళ్లీ వేయడం. ఎంతసేపైందో తెలియదు. పైన పదింటి ఆరాధనకు కుర్చీలు సర్దుతున్న చప్పుడు. మొదటి చేయి అయ్యాక డ్రైవరు దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు. ఆమె చెంప వైపు చూశాడు. మళ్లీ చేయి చూసుకున్నాడు.

"అక్కా, జర కిటికీకి సైడు జరిగి కూసో. ప్రభువు చెయ్యి నీ మొహం చూసి వేస్తున్నరని తెలిస్తే పైనున్నోళ్లందరు కిందికొస్తరు" అన్నాడు.

ఆమె నవ్వింది.

అప్పటిదాకా మచ్చ కింది అంచున ఓ చిన్న గుంట చూస్తూనే ఉన్నాను. కాలినప్పుడు పడిన గుంట అనుకుని ప్రతి ఆదివారం ముందు దాన్నే మైనంతో పూడ్చేవాణ్ణి. ఆమె నవ్వగానే అది లోతుగా దిగింది. సొట్ట. ఆమె సొట్ట. ఎక్కడికీ పోలేదు. మంటకు మిగిలినదాన్ని నా చేత్తో నేను పూడుస్తూ వచ్చాను. బ్రష్ పక్కన పెట్టేసి ఏడ్చాను, వరండాలో ఏడ్చినట్టు కాదు. ఈసారి లోపల బిగుసుకున్నదేదో వదిలింది. ఆమె చెంగుతో నా మొహం తుడిచి, "ఇంకో చెయ్యున్నది. టైమైతున్నది" అంది.

అప్పుడు ప్రార్థన చేశాను. కళ్లు మూసుకోలేదు, బ్రష్ చేతిలోనే ఉంది. క్షమించమని అడగడానికి ఇన్నాళ్లూ మొహం చెల్లలేదని చెప్పాను కదా. ఆ రోజు అడిగాను. ఎందుకు జరిగిందో మాత్రం అడగలేదు. ఇప్పటికీ నాకు తెలియదు. అయ్యగారికీ తెలియదు. తెలిసింది ఒకటే. లేచినాయన తుడుచుకోలేదు. తనవాళ్ల దగ్గరికి వచ్చినప్పుడు ముందు అవే చూపించాడు. ఆయన మొహం చాటేయనిదాన్ని చూసి నేనెందుకు చాటేయాలి? ఆ మాట మనసుకు పట్టాక, ఆసుపత్రి నుంచి మోస్తున్న బరువు దిగినట్టయింది. హాయిగా ఊపిరి తీసుకున్నాను.

పదింటి ఆరాధనకు హాలు నిండింది. ఆమె ఆఖరి వరసకు పోలేదు. చెంగు తల మీద వేసుకుంది గానీ చెంప దాకా లాక్కోలేదు. నేరుగా ముందుకెళ్లి పిల్లల పక్కన చాప మీద కూర్చుంది. ఒకరిద్దరు పెద్దవాళ్లు చూసి చూపు తిప్పుకున్నారు, నాకు తెలిసిన తిప్పుడే. మిగతావాళ్లు కాసేపు చూసి పాటల పుస్తకాలు తెరిచారు. సీను వచ్చింది. డ్రైవరు చేతులు చాపాడు. శిష్యుడి వేలు ఈసారి గాల్లో ఆగలేదు. ఎవరూ కిసకిసలాడలేదు, ఎవరూ వెక్కి ఏడవలేదు కూడా. అందరూ ఆ చేతుల వైపే చూస్తూ ఊరికే కూర్చున్నారు.

అయిపోయాక పిల్లలంతా డ్రైవరు చుట్టూ మూగారు. తెల్లవారుజామున గట్టిగా అడిగిన ఆ చిన్న పిల్లే ముందు. ఆయన అరచేయి గోకి చూసి, "ఇది కడిగితే పోతుందా?" అంది. పోతదన్నాడు. అక్కణ్నుంచి తిన్నగా నా భార్య దగ్గరికొచ్చి, ఒళ్లో ఎక్కి, మచ్చ మీద వేలు పెట్టింది. నేను రెండు వరసల వెనక బిగుసుకుపోయాను.

"ఆంటీ, నీది కడిగితే పోతుందా?"

"పోదు బిడ్డా."

పిల్ల వెనక్కి తిరిగి డ్రైవరు చేతుల వైపు చూసింది. "యేసయ్యది?"

"ఆయనది గూడ పోలే" అంది నా భార్య.

పిల్లకు ఆ జవాబు చాలినట్టుంది. వేలు కొంచెం కిందికి జరిపి సొట్ట కోసం వెతికింది. దొరికింది.

తర్వాతి ఆదివారం అలవాటు కొద్దీ డబ్బా కోసం చేయి చాపితే ఆమె కళ్లతోనే వద్దంది. నలభై నిమిషాలు మిగిలాయి. వాటిని ఏం చేసుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. టీ పెట్టుకుని బాల్కనీలోకి వెళ్లాం. అక్కడ రెండు కుర్చీలుంటాయి. నేను ఆమెకు ఎడమ వైపు కూర్చున్నాను.